తెలుగున వికటానుకరణ రచన: తరగతిగదిలో దాని ఉపయోగము

ఒకరు వ్రాసిన రచనను తీసికొని, దాని నడకను చెడనీయక, లోని విషయమును మాత్రము మార్చి నవ్వు పుట్టించు రచనను తెలుగువారు నేడు పేరడి యనుచున్నారు. ఈ మాట గ్రీకు భాషనుండి ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చినది. గ్రీకున దాని మూలార్థము 'పాటకు ప్రక్కపాట' యని. తెలుగున వికటానుకరణము, హాస్యానుకృతి మొదలగు పేర్లు లేకపోలేదు గాని, జనుల నాలుకపై నిలిచినది పేరడి యే. పేరు పరదేశపుదైనను పని పరదేశపుది కాదు. పెండ్లిపందిట వియ్యపురాండ్రు ఒకరిపై నొకరు పాడుకొను ఎగతాళి పాటలు, వీథినాటకమున హాస్యగాడు రాజు వెనుక నిలిచి రాజువలెనే పలుకు పలుకులు, ఒప్పజెప్పవలసిన పద్యమునకు బడిపిల్లలు ఉపాధ్యాయుడు వినకుండ కట్టు మారుమాటలు, ఇవి యన్నియు ఆ జాతివే. ఈ చివరి దానిని ఎరుగని ఉపాధ్యాయుడున్నచో అతడు వినికిడి తక్కువవాడై యుండవలెను.

అట్టి అల్లరిపని భాషాబోధనకు పనికివచ్చునా, వచ్చినచో ఏ షరతుపై వచ్చును అనునది ఈ వ్యాసమునందలి ప్రశ్న. ఈ ప్రశ్న విజయవాడలోనో వరంగల్లులోనో అడిగినచో అది వినోదప్రసంగముగ ముగియును. కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి వంటి ఊర అడిగినచో అట్లు ముగియదు. అక్కడి పిల్లకు తెలుగు ఇంటిభాష, వీథిభాష తమిళము, వ్రాతభాష ఎక్కువవంతు తమిళమో ఇంగ్లీషో. ఆ పిల్ల తెలుగున ఒక రచనను ఎగతాళి చేయవలెనన్నచో ముందుగా ఆమెయొద్ద ఎగతాళి చేయదగిన తెలుగు రచన ఒకటి ఉండవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మన లాక్షణికులు పేరడిని ఒక ప్రత్యేకప్రక్రియగ చెప్పలేదు గాని, దానికి వలసిన ఆలోచన యంతయు వారియొద్ద కలదు. భరతుడు నాట్యశాస్త్రమున శృంగారమునుండి హాస్యము పుట్టుననియు, శృంగారమును అనుకరించుటయే హాస్యమగుననియు చెప్పెను. అభినవగుప్తుడు ఆ మాటను విస్తరించి, శృంగారమొక్కటే కాదు, ఏ భావమైనను తనకు తగని చోట ప్రవర్తించినపుడు నవ్వునకు కారణమగునని వ్యాఖ్యానించెను. అనౌచిత్యమే హాస్యమునకు మూలమను ఈ సూత్రము పేరడికి సరిగా అతుకును. యుద్ధవర్ణనము యుద్ధమునకు తగును. అదే వర్ణనము దోమతెరలో దూరిన దోమపై నడిచినచో నవ్వు వచ్చును. దోమలో హాస్యము లేదు, యుద్ధమునను లేదు. రెండింటి కలయికలో నున్నది.

ఒకరి కావ్యము మరియొకరి కావ్యమును పోలియుండుటను గూర్చి తొమ్మిదవ శతాబ్దివాడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చర్చించెను. అద్దములోని నీడవంటి పోలిక, చిత్తరువు వంటి పోలిక, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుష్యుల వంటి పోలిక యని ఆయన మూడు విధములు చెప్పి, మొదటి రెండింటిని త్రోసివేసి మూడవదానిని ఒప్పుకొనెను. తరువాతివాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో వీనికి పరపురప్రవేశమను నాల్గవ దానిని చేర్చెను. యోగి తన దేహమును వదలి వేరొక దేహమున ప్రవేశించినట్లు, మూలవస్తువు ఒకటియే యైయుండి పైతొడుగు పూర్తిగా మారుట దాని లక్షణము. పేరడి దీనికి సరిగా తలక్రిందులు. ఇందు దేహము పాతది. ప్రవేశించిన ప్రాణము కొత్తది. రాజుగారి దేహమున మంగలి ప్రాణము దూరినట్లు ఊహించినచో నవ్వెందుకు వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు.

పేరడికిని నిందకును భేదము కలదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళాంధ్రదేవుని నిందించుచున్నట్లుండి స్తుతించెను. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకమున స్వామిని గద్దించెను. ఇవి నిందాస్తుతులు, అధిక్షేపములు; వీనిని చదివి ఆనందించుటకు వేరొక పద్యము గుర్తుండనక్కరలేదు. పేరడి యట్లు కాదు. అది ఒంటికాలిపై నిలువజాలదు. రెండవకాలు వినువాని జ్ఞాపకమున నుండును. అవధానమునందలి సమస్యాపూరణము దీనికి దాయాది. అందు అర్థము పొసగని పాదము నొకదానిని పృచ్ఛకుడిచ్చును. అవధాని దానిని ఒప్పునట్టి సందర్భమున కూర్చి ఒడ్డున పడవేయును. అసంగతమును సంగతము చేయుట సమస్యాపూరణమైనచో, సంగతమును అసంగతము చేయుట పేరడి. మన పల్లెలందు రెండింటిని ఒకే నోట పలికిన రసికులు ఉండిరి.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేయు పని ఇదియే. రామరావణుల గంభీరసంభాషణము ముగిసిన వెంటనే వీరు తెరపైకి వచ్చి, ఆ ధోరణిలోనే కూటికొరకు కొట్లాడుదురు. తెనాలి రామకృష్ణునకు జనులు కట్టబెట్టిన వికటకవి బిరుదమును ఎటునుండి చదివినను ఒకటిగనే యుండునని చిన్నపిల్లలకును తెలియును. పాండురంగమాహాత్మ్యమువంటి ప్రౌఢకావ్యమును వ్రాసిన కవినే జనులు హాస్యగానిగ తలచుటలో ఒక యుక్తి లేకపోలేదు. గంభీరముగ వ్రాయజాలనివాడు గంభీరతను చక్కగ ఎగతాళి చేయలేడు.

ఆధునికయుగమున గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి వ్రాయబడినది. అందలి గిరీశము సంఘసంస్కర్తల ఉపన్యాసభాషకు నడచివచ్చిన వికటానుకరణము. మాటలన్నియు సంస్కర్తవే, ప్రయోజనము మాత్రము తనది. అయినను పేరడిని తన ఇంటిపేరుగ చేసికొన్నవాడు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968). ఆయనను లోకము జరుక్ శాస్త్రి యనియు పేరడీ శాస్త్రి యనియు పిలిచినది. భావకవులను, వారి తరువాత వచ్చిన అభ్యుదయకవులను ఆయన వారివారి గొంతులతోనే పలికించి నవ్వించెను. ఆయన పేరడీల సంపుటికి 'అక్షింతలు' అని పేరు. పెద్దలు దీవించి చల్లునవి అక్షింతలు. పెద్దలు కోపించి తిట్టునపుడు వేయునవియు అక్షింతలే. పేరడి స్వభావమును ఇంతకంటె క్లుప్తముగ చెప్పిన పేరు మరియొకటి లేదు.

జరుక్ శాస్త్రి చేతిలో దేవులపల్లి కృష్ణశాస్త్రియు శ్రీశ్రీయు పడుటకు కారణమేమి? వారు చెడుకవులు కారు. అందరి నోళ్ల నున్న కవులు. కృష్ణశాస్త్రి నిట్టూర్పునకు ఒక తూగు కలదు. శ్రీశ్రీ మహాప్రస్థానము 1950లో పుస్తకముగ వచ్చుటకు ముందే అందలి మాత్రాఛందస్సుల అడుగులచప్పుడు యువకుల చెవులందు నాటుకొనినది. తూగును చెదరనీయక మాట మార్చినంతనే వినువానికి రెండు గొంతులు ఒక్కసారి వినబడును. ఎవ్వరును చదువని కవికి పేరడి కట్టుట గాలిలో కత్తి త్రిప్పుట. కావున పేరడికి లోనగుట ఒకవిధమైన సన్మానము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలో కృష్ణుడు నిదురలేచి బంధువును కుశలమడుగు పద్యమునకు ఊరూర పుట్టిన పేరడీలను లెక్కించువారు లేరు. ఆ నాటకము ఊరూర ఆడినది గనుక అవి పుట్టినవి. ఊరి వైద్యుని మీద, పన్ను వసూలు చేయువాని మీద, అప్పులవాని మీద ఆ పద్యమును మలచినవారు పండితులు కారు. రాత్రియంతయు మేలుకొని నాటకము చూచినవారు.

మూలమునకును పేరడికిని గల ఈ బంధము ఒక్కొక్కపుడు విపరీతముగ ముగియును. ఇంగ్లండున 1865లో లూయీ కారల్ వ్రాసిన 'ఆలిస్' కథయందు బడిపిల్లలు కంఠస్థము చేయవలసియుండిన నీతిపద్యములకు పేరడీలు పలుచోట్ల నున్నవి. ఐజక్ వాట్సు 1715లో పిల్లలకై ప్రకటించిన గీతములలో తేనెటీగ శ్రమను మెచ్చుకొనుచు ఒకటి కలదు. కారల్ చేతిలో తేనెటీగ మొసలియైనది. ఆ మొసలి పాటుపడి చేయు పని చిరునవ్వుతో చేపపిల్లలను లోనికి ఆహ్వానించుట. రాబర్టు సదే 1799లో వ్రాసిన వృద్ధుని నీతిపద్యమునకును ఇట్టి గతియే పట్టినది. నాటి పిల్లలు మూలములను బెత్తము భయమున నేర్చియుండిరి గనుక విరగబడి నవ్విరి. నేడు ఆ మూలములు ఎవరికి గుర్తున్నవి? పేరడీలు మాత్రము ప్రపంచమంతట చదువబడుచున్నవి. అయితే మూలము మరుగుపడినపుడు చదువరి నవ్వు మారినది. ఎగతాళిలోని పదును పోయి వింతమాటల గమ్మత్తు మాత్రము మిగిలినది. సెర్వాంటిస్ 1605లోను 1615లోను రెండు భాగములుగ ప్రకటించిన డాన్ క్విక్సోట్ నవల అవహేళన చేసిన వీరగాథలకును అదియే పట్టినది.

ఇక కల్లావి. బారామహలు సీమ 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో ఇంగ్లీషువారి వశమైనది. 1956లో భాషారాష్ట్రము లేర్పడినపుడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 1965లో సేలమునుండి ధర్మపురి, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి వేరు జిల్లాలైనవి. ఈ హద్దులు మారినపుడెల్ల మారనిది ఒక్కటే: ఇంటిలోని తెలుగు. హోసూరు వైపు మొరసునాటి తెలుగుకు కన్నడము పొరుగైనట్లు, కల్లావి వైపు తెలుగుకు నాలుగువైపుల తమిళమే పొరుగు.

తమిళనాడు శాసనసభ 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము వలన 2006-07న ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధపాఠ్యమై, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ఆ పరీక్షనుండి మినహాయింపులు న్యాయస్థానముల ఉత్తరువులపై దొరకుచు వచ్చినవి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఏడాది పొడిగింపునిచ్చినది. రాష్ట్రభాషను నేర్చుకొనుటలో తప్పులేదు, నేర్చుకొననివాడే నష్టపడును. కాని పరీక్షలో ఏ భాషకు మార్కులున్నవో ఆ భాషకే ఇంటిలో దీపము వెలుగును. ఏడాదికేడాది మినహాయింపునకై ఎదురుచూచు చదువుపై పిల్లలకును తలిదండ్రులకును గౌరవము నిలుచుట కష్టము. తెలుగు తరగతి అట్లు బలహీనపడిన చోట మొదట పోవునది వ్యాకరణము కాదు. పదిమందికి ఉమ్మడిగ కంఠస్థమైన పాఠము పోవును. వేమన పద్యము అవ్వకు తెలియును, మనుమరాలికి తెలియదు. వేమన మకుటమును పట్టుకొని అవ్వ ఏదైన చమత్కరించినచో మనుమరాలు నవ్వదు, లేక అవ్వ నవ్వినందుకు నవ్వును. రెండు తరములు ఒకే మాటకు నవ్వలేకపోవుట అంకెలకెక్కని నష్టము. జనాభా లెక్కలో ఇద్దరి మాతృభాషయు తెలుగే.

కావున కల్లావి వంటి ఊర పేరడిని బోధనకు వాడదలచినవారు కావ్యములతో మొదలుపెట్టుట పొరపాటు. పిల్లలకు కావ్యము లేదు. కాని ప్రతి యింటను కర్తృత్వములేని రచనలు కొన్ని యున్నవి. శుభలేఖ, సెలవు అర్జీ, దండోరా, ధరవరల పట్టిక, వాతావరణసూచన, తప్పిపోయిన వస్తువులకు వేయు ప్రకటన, ఇవన్నియు నియతరూపము గల రచనలే. వీనికి కవి లేడు, నొచ్చుకొనువాడును లేడు. వీని నడక కొన్ని నిమిషములలో పట్టుబడును. ఉదాహరణమునకు, శుభలేఖ చట్రమున ఆవకాయ విషయమును పోసినచో ఇట్లుండును:

'శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు. మా తూర్పుదొడ్డిచెట్టున పుట్టి, గాలికి రాలక, కోతికి చిక్కక పెరిగిన మా ద్వితీయపుత్రిక చి.ల.సౌ. పుల్లమామిడిని, గుంటూరు వాస్తవ్యులు శ్రీ మిరపకాయగారి జ్యేష్ఠపుత్రుడు చి. కారపుపొడికిచ్చి, నువ్వులనూనెగారి పౌరోహిత్యమున, ఉప్పు, ఆవపిండి, మెంతులు సాక్షులుగ, వైశాఖమాసమున ఎండ పెళపెళలాడు సుముహూర్తమున, జాడీయను కల్యాణమండపమందు వివాహము జరిపింప పెద్దలు నిశ్చయించినారు. కావున తాము మూడవనాడు సకుటుంబముగ విచ్చేసి, వేడియన్నముతో వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన. తడిచేతులతో వచ్చువారికి ప్రవేశము లేదు.'

ఇందు మార్చినదెంత, మార్చనిదెంత? మంగళవాక్యములు, వరుని తండ్రి పేరు ముందుండుట, వాస్తవ్యులు, జ్యేష్ఠ ద్వితీయములు, ముహూర్తము, ప్రార్థన, అన్నియు యథాస్థానముల నున్నవి. కృష్ణగిరి జిల్లా మామిడితోటలకు పేరుపడినది. అక్కడి పిల్లకు పుల్లమామిడిని గూర్చి ఎవ్వరును చెప్పనక్కరలేదు. ఆమెకు తెలియనిది చి.ల.సౌ. అక్షరములకు చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి యని అర్థమను సంగతి. ఆ ప్రాంతపు తెలుగిండ్లలో శుభలేఖ తమిళముననే అచ్చగుట అరుదు కాదు. అట్టి యింటి బిడ్డకు పై పేరడి సగమే నవ్వు తెప్పించును. తక్కిన సగమునకు ఆమె ఒక నిజమైన తెలుగు శుభలేఖను, అమ్మమ్మ పెట్టెయడుగునుండియో మేనమామ ఇంటినుండియో, వెదకి తెచ్చి చదువవలసివచ్చును. ఉపాధ్యాయుడు కోరునదియు అంతే. 'శుభలేఖను చదువుము' అన్న ఏ పిల్లయు చదువదు. 'శుభలేఖను వెక్కిరింపుము' అన్నచో అక్షరమక్షరము చదువును.

వాతావరణసూచన మరియొక మంచి చట్రము. 'ఈ సాయంత్రము మార్కుల పట్టిక ఇంటికి చేరుటతో నడవలో అల్పపీడనమేర్పడినది. రాత్రి భోజనవేళకు అది బలపడి తుఫానుగ మారి, తండ్రిగారి కుర్చీయొద్ద తీరము దాటు సూచనలు కలవు. ఉరుములతోగూడిన మందలింపులు కురియును. అవ్వ మంచము పరిసరములందు గాలి శాంతముగ నుండును గనుక పిల్లలు ఆ రేవు విడిచి వెళ్లరాదని హెచ్చరిక.' ఇది వ్రాయుటకు అల్పపీడనము, తీరము దాటుట, హెచ్చరిక యను మాటల సరియైన వాడుక తెలియవలెను. భయము అందరికిని తెలిసినదే, కొత్తది భాష.

పిల్లల పేరడీలు చెడిపోవుటకు సామాన్యముగ రెండు దారులు. పేరొక్కటి మార్చి తక్కినదానిని అట్లే యుంచినచో అది నకలు. అన్నియు మార్చినచో మూలము గుర్తింపబడదు; ప్రక్కపాట నిలువక కొత్తపాటయగును. ఎంత ఉంచవలెను, ఎంత మార్చవలెను అను తూకము చేతికి వచ్చుటయే ఇందలి విద్య. ఇది వాక్యనిర్మాణమును గూర్చిన విద్య గాని వట్టి హాస్యవిద్య కాదు.

మూడవదొక దోషమున్నది, దానిని పిల్లలకంటె పెద్దలే ఎక్కువగ చేయుదురు. 'యాడికి పోతుండావు' అన్న కల్లావి పిల్లవాని పలుకును విని నవ్వు బంధువులు కలరు. సినిమాలును ఎల్లకాలము మాండలికమును విదూషకుని నోటనే పెట్టినవి. మాండలికమును నవ్వునకు గురిచేయు రచన పేరడి కాదు, పొగరు. తరగతిలో దీనిని తిరుగవేయవచ్చును. పై వాతావరణసూచనను రేడియో భాషలో ఒక పిల్ల చదువగ, వాక్యమున కొకసారి అవ్వ తన ఊరితెలుగున జవాబు చెప్పునట్లు మరియొక పిల్ల అందుకొన్నచో, నవ్వు ఎవరిమీద పడునో చూడుడు. 'అల్పపీడనమేర్పడినది' అనగానే, 'ఏమీ లేదులేరా, నాయన ఆకలిమీద ఉండాడు, సంగటి పెడితే సరిపోతుంది' అను అవ్వ మాటముందు రేడియో వెలవెలబోవును.

రెండుభాషల నడుమ బ్రతుకు పిల్లలకు ఉన్న సొత్తు మరియొకటి కలదు. ఆంధ్రదేశపు పిల్లలకు అది లేదు. రెండు భాషలందును వినబడి అర్థము మారు మాటలు వారికి చిన్ననాటనే తెలియును. తెలుగున అవసరమనగా కావలసియుండుట. తమిళమున అవసరమనగా త్వరపాటు. తెలుగున తొందర యనగా త్వరపాటు. తమిళమున తొందరవు అనగా ఇబ్బంది. పసి యనగా తెలుగున శిశువు, తమిళమున ఆకలి. 'అవసరమైన రమ్ము' అని తెలుగుమామ వ్రాసిన ఉత్తరమును తమిళబడిలో చదివిన మేనల్లుడు 'పరుగెత్తి రమ్ము' అని గ్రహించి, పరీక్ష ఎగవేసి బయలుదేరినట్లు కథ కట్టవచ్చును. మామ తలుపు తీసి 'ఏమిరా ఈ తొందర' అనగా, అల్లుడు 'నేను వచ్చుట తొందరవా' అని నొచ్చుకొని వెనుదిరుగును. ఇట్టి కథను రెండు భాషలు తెలిసినవాడే వ్రాయగలడు, రెండు తెలిసినవాడే నవ్వగలడు. కలగాపులగపు తెలుగని పెద్దలు తలవంచుకొను దానిలోనే ఈ గని యున్నది. అయితే ఒక నియమము కావలెను: మాట ఏ భాషది, అచట దాని అర్థమేమి అని వ్రాసినవాడు చెప్పగలిగి యుండవలెను. చెప్పలేనిది చమత్కారము కాదు, పొరపాటు.

కాగితముపై చేయు ఈ పనిని కంప్యూటరు తెరపై చేయుటయు పదియేండ్లకు పైబడిన సంగతి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 2010లో మొదలై, 2011నుండి ఎల్లరకును తెరువబడిన డిజిటల్ కథన తరగతియందు, అచ్చముగ నున్న ఒక పుటను తీసికొని అందలి శీర్షికలను, మాటలను, బొమ్మలను మార్చి వేరొక కథ చెప్పుట విద్యార్థులకిచ్చు పనులలో ఒకటి. దీనికి మొజిల్లా సంస్థ ఎక్స్‌రే గాగుల్స్ అను పనిముట్టును కూడ పిల్లలకొరకు కల్పించినది. తెరపై అట్లు చేసిన మార్పు చేసినవాని యంత్రమున మాత్రమే కనబడును. మరల తెరచినచో మూలము చెక్కుచెదరక నిలిచియుండును. సూత్రము జరుక్ శాస్త్రిదే: దేహము పాతది, ప్రాణము కొత్తది. వార్తాపత్రిక ముఖపుట రూపమున 'మా వీథి బావిలో నీరూరినది' అను వార్తను అష్టకాలమ్ శీర్షికతో అమర్చిన పిల్లవాడు పతాకశీర్షిక, ఉపశీర్షిక, విలేఖరి స్థలనామము, ఛాయాచిత్రము క్రింది వ్యాఖ్య అను అంగములన్నిటిని నేర్చికొనును. నీటియెద్దడిగల ఊర ఆ వార్త పతాకశీర్షికకు తగనిదియు కాదు.

ఇక్కడ కాగితమునకు లేని ప్రమాదమొకటి పొంచియున్నది. చేతివ్రాతతో మార్చిన శుభలేఖను ఎవ్వరును నిజమని భ్రమపడరు. పత్రికపుటను అచ్చుగుద్దినట్లు మార్చి, దాని చిత్రమును చేతిఫోనులో పంపినచో అది ఊరుదాటి నిజవార్తగ తిరుగును. పేరడి తాను పేరడినని చెప్పకయే చెప్పవలెను. విషయములోనే అతిశయము కనబడవలెను. ఆవకాయ పెండ్లి ఎవ్వరిని మోసగించదు. 'రేపు బడికి సెలవు' అని కలెక్టరుగారి పేర సృష్టించిన ఉత్తరువు మోసగించును. నవ్వు రాదు, పోలీసు వచ్చును. కావున బ్రతికియున్న వ్యక్తుల పేర్లు, ప్రభుత్వపు ముద్రలు, రోగములను గూర్చిన వార్తలు తరగతిలో వాడకుండుట మేలు. పుట నుదుటనే 'ఇది తరగతిలో నవ్వుటకై మార్చినది' అని వ్రాయుటయు మంచిది. దానివలన నవ్వు కొంచెము తగ్గినను తగ్గనిండు.

పరుల రచనను మార్చుటకు చట్టమొప్పునా యని అడుగువారుందురు. 1957 నాటి భారత కాపీరైటు చట్టమున పేరడి యను మాట లేదు. కాని 52వ సెక్షను స్వంత ఉపయోగమునకును, విమర్శకును న్యాయమైనంత వాడుకను అనుమతించుచున్నది. కేరళ హైకోర్టు 1996లో విచారించిన వివాదము ఇందుకు మంచి ఉదాహరణము. తోప్పిల్ భాసి 1952లో వ్రాసిన 'నింగళెన్నె కమ్యూనిస్టాక్కి' అను మలయాళ నాటకము ప్రసిద్ధము. మీరు నన్ను కమ్యూనిస్టును చేసితిరి యని దాని అర్థము. సివిక్ చంద్రన్ దానికి ప్రతినాటకము వ్రాసి 'నింగళారె కమ్యూనిస్టాక్కి' యనెను. మీరెవరిని కమ్యూనిస్టును చేసితిరి యని ప్రశ్న. మూలములోని పాత్రలను, సంభాషణలను అతడు విస్తారముగ వాడుకొనెను. హక్కుదారులు కోర్టుకెక్కగ, ఆ వాడుక మూలమును అపహరించుటకు కాక విమర్శించుటకై జరిగినదని న్యాయస్థానము ప్రతినాటకము పక్షమున నిలిచినది. అక్కడను మలయాళీ ప్రేక్షకునకు మూలము కంఠస్థమగుటచేతనే, పేరులో ఒక్క మాట మార్పు అంత కలకలము రేపినది.

కల్లావి తరగతి కోర్టుకెక్కు స్థితిలో లేదు. అక్కడి కొరత మూలములది. కనుక ఈ పనిని చేపట్టు బడులలో ప్రతి పిల్లకు ఒక వెడల్పు నోటుపుస్తకమిచ్చి, ఎడమపుటలో మూలమును, కుడిపుటలో పేరడిని వ్రాయించుట అనుకూలము. ఎడమపుట నిండినగాని కుడిపుట ముట్టరాదు. ఎడమపుటకు వలసినవి పాఠ్యపుస్తకమున కొన్ని దొరకును. తక్కినవి ఇండ్లలో వెదకవలెను. దండోరా వేయువాని పిలుపు ఎట్లుండెడిదో తాతయే చెప్పవలెను. దంపుడుపాటను అవ్వయే పాడవలెను. దానిని పిల్ల తెలుగక్షరములలో ఎక్కించుకొనవలెను. అవ్వ పలుకు 'ఉండాడు'ను 'ఉన్నాడు' అని దిద్దక, వినినది వినినట్లు వ్రాయవలెను. అట్లు ఎక్కిన పాటను పిల్ల మిక్సీపై మార్చి కుడిపుటలో వ్రాసి, ఇంటికి పోయి అవ్వకు చదివి వినిపించును. అవ్వ మొదట మందలించును. తరువాత ఏ చరణమున తూగు తప్పినదో చెప్పి, రోటిపాటలో పిల్ల వ్రాసికొనక వదలిన రెండు చరణములను పాడి ఎడమపుటలో చేర్పించును.